వెనక తలుపు అద్దం

అద్దం బాగుచేసింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా చుట్టాలిళ్ళల్లో పెళ్ళిళ్ళలో ఎప్పుడు ఈ ముచ్చట వచ్చినా, మా డ్రైవర్ ఎంత పనిమంతుడో, అమెరికా బండి అద్దాన్ని ఆముదం పోసి ఎట్లా నిలబెట్టాడో చెప్పుకుని మురిసిపోతారు. డ్రైవర్ పనిమంతుడే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ తలుపు లోపల చెయ్యి పెట్టింది ఆయన కాదు, నేను. నాలుగు మధ్యాహ్నాలు మోచేతి దాకా చెయ్యి దూర్చాను. చర్మం గీరుకుపోయింది. గోళ్ళల్లో జిగురు పట్టి, వారం రోజుల దాకా అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే కిరసనాయిలు వాసన వచ్చేది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు ఇంకొకరికి వదిలేసేంత మంచిదాన్ని కాను.

మాది జహీరాబాద్. బొంబాయి రోడ్డుకి కాస్త లోపలగా, ఎత్తైన గోడల ఇల్లు. భూములు న్యాల్‌కల్ వైపు నల్లరేగళ్ళలో ఉండేవి. నాకు ఆరేళ్ళప్పుడే మా నాన్న పోయాడు కాబట్టి ఇంటికి పెద్ద మా పెద్దనాన్న. మేం పెద్దబాపు అని పిలిచేవాళ్ళం. మా అమ్మ ఆయన ఎదటికి వచ్చేది కాదు, ఆయనకు వినబడేలా గొంతెత్తేది కాదు. బావగారి ముందు మాట్లాడకూడదని ఆచారం. ఏదైనా అడగాలంటే మా మేనత్త చేత అడిగించేది. మేనత్త పదిహేనేళ్ళకే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. పెద్దబాపు పెట్టిన కట్టుబాట్లకు ఆయనకంటే గట్టిగా కాపలా కాసేది ఆవిడే.

ఆ కట్టుబాట్లలో పెద్దది ఘోషా. భూములున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళు పరాయి మగాళ్ళ కంట పడకపోవడమే పరువు అనుకునే రోజులు. మా పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళు ఎండలో, గాలిలో, నలుగురి మధ్య నవ్వుకుంటూ తిరిగేవాళ్ళు. వాళ్ళు పండించిన జొన్నరొట్టె తింటూ మేం మాత్రం పరదా చాటున కూర్చునేవాళ్ళం. ఇందులో గొప్ప ఏముందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. పన్నెండేళ్ళు నిండగానే నన్ను బడి మాన్పించారు. గడప దాటాలంటే కారు, కారులో కూర్చుంటే పరదా.

ఆ కారు సంగతి చెప్పాలి. పోలీస్ యాక్షన్ తర్వాత హైదరాబాద్‌లో ఒక నవాబుగారి ఇంటి సామాను అమ్మకానికి వస్తే పెద్దబాపు వెళ్ళి కొనుక్కొచ్చిన అమెరికా బండి అది. అప్పటికే పాతది. కానీ దాని అద్దాలకు పిడి తిప్పే పని లేదు. బటన్ నొక్కితే ఎక్కేవి, ఇంకోవైపు నొక్కితే దిగేవి. ఊళ్ళో దాన్ని బటన్ బండి అనేవాళ్ళు. లోపలి కథ ఏమిటంటే, ఇంజన్ పక్కన నూనె బుడ్డి, దాని కింద ఒక చిన్న మోటారు పంపు. పంపు తోసిన నూనె సన్నటి గొట్టాల్లోంచి ప్రతి తలుపులోనూ ఉన్న ఒక సిలిండర్‌లోకి వెళ్ళి అద్దాన్ని పైకి లేపుతుంది. దించే వైపు నొక్కితే నూనె వెనక్కి పోతుంది, స్ప్రింగులు అద్దాన్ని కిందికి లాగేస్తాయి. వెనక సీటు మాది, అంటే ఆడవాళ్ళది. కిటికీలకు ముదురు ఎరుపు మఖ్‌మల్ పరదాలు. డ్రైవర్ వెనక్కి చూసే అద్దాన్ని పెద్దబాపు బండి కప్పు వైపు తిప్పించి అట్లాగే బిగింపజేశాడు. వెనక లారీ వస్తే వినడమే తప్ప చూడడం లేదు.

డ్రైవర్ యాభై దాటిన ముసల్మాను. మేం చాచా అనేవాళ్ళం. నా పన్నెండో ఏట నుంచి ఆయన నా ముఖం చూడలేదు, నేను ఆయన వీపు తప్ప చూడలేదు.

ఇక పరీక్ష. బడి మాన్పించినా, ఆడపిల్లల బడిలో పనిచేసి మానేసిన ఒక టీచరమ్మ రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. నాకు రామాయణం చదవడం నేర్పుతోందని పెద్దబాపు అనుకునేవాడు. కొన్నాళ్ళు రామాయణమే చదివాం. తర్వాత ఆ పుస్తకం కిందనే బీజగణితం పెట్టుకున్నాం. మా మేనత్త పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటూ అంతా వినేది. ఒక్కనాడూ చెప్పలేదు. అట్లా నాలుగేళ్ళు గడిచి, ప్రైవేటుగా మెట్రిక్ కట్టే వేళకి పెద్దబాపు సంతకం కావాల్సి వచ్చింది. ఒంటరిగా అడిగితే కాగితం చింపేస్తాడని నాకు తెలుసు. అందుకే సంగారెడ్డి నుంచి ఒక పెద్ద ఉద్యోగి భోజనానికి వచ్చిన రోజు చూసుకుని, హాలు పరదా వెనక నిలబడి, మెట్రిక్ ఫారం మీద సంతకం చెయ్యమని గట్టిగా అడిగాను. వచ్చినాయన ముచ్చటపడిపోయాడు. ఇంత పెద్దింట్లో ఆడపిల్ల చదువుతోందంటే మీ మనసు ఎంత పెద్దదండీ అన్నాడు. అతిథి ముందు పెద్దబాపు మనసు చిన్నది ఎట్లా అవుతుంది! సంతకం పెట్టాడు. అతిథి వెళ్ళాక షరతులు పెట్టాడు. సంగారెడ్డిలో సెంటరు. మన బండిలోనే పోవాలి, మేనత్త పక్కన ఉండాలి, అద్దాలు ఎక్కి ఉండాలి, పరదాలు దిగి ఉండాలి. ఇందులో ఏది తప్పినా పరీక్ష లేదు.

ఈ ఏడాది కాకపోతే ఇంకెప్పుడూ లేదని నాకు తెలుసు. పదిహేడు నిండాయి. వచ్చే ఏడాదికి నన్ను ఇంకో ఎత్తైన గోడల ఇంటికి పంపేస్తారు. అక్కడ రామాయణం చాటు కూడా దొరకదు.

పరీక్షకి పన్నెండు రోజుల ముందు రాయికోడ్‌లో చుట్టాలింటికి పోయి వస్తుంటే, మేనత్త వైపు అద్దం తనంతట తానే దిగడం మొదలుపెట్టింది. బటన్ నొక్కితే మూలుగుతూ కొంచెం ఎక్కేది, వదిలితే మళ్ళీ జారేది. ఊరు చేరేసరికి పూర్తిగా తలుపులోకి దిగిపోయింది. గాలికి పరదా ఎగిరింది. జొన్న బస్తాల మీద కూర్చుని పోతున్న ఇద్దరు మనుషులు మా మేనత్తను చూశారు. ఇంటికి రాగానే ఆవిడ తలస్నానం చేసింది.

పెద్దబాపు డ్రైవర్‌ని నిలబెట్టి తిట్టాడు. తిడుతున్న గొంతులో కోపం కంటే నిశ్చింత ఎక్కువ వినబడింది నాకు. హైదరాబాద్‌కి కబురు పెడితే అక్కడి షాపువాళ్ళు సామాను బొంబాయి నుంచి రావాలి, రెండు నెలలు పడుతుందన్నారట. రోడ్డు మీద లారీల గ్యారేజీకి తీసుకుపోతానని చాచా అడిగాడు. ఇంటి ఆడవాళ్ళు కూర్చునే చోట గ్యారేజీవాళ్ళు చేతులు పెడతారా, కుదరదన్నాడు పెద్దబాపు. వాళ్ళను ఇంటికి పిలిపిస్తానంటే అదీ కుదరదన్నాడు. అద్దం లేకపోతే బండి లేదు, బండి లేకపోతే పరీక్ష లేదు. ఆయన ఒక్క వేలు కూడా కదపకుండా నా పరీక్ష ఆగిపోయింది. ఆ రాత్రి నేను ఏడవలేదు. నాకు కోపం వస్తే ఏడుపు రాదు.

మర్నాడు పెద్దబాపు న్యాల్‌కల్ పొలాలకు గుర్రబ్బండి మీద పోయాక, పెరటి షెడ్డు గోడకున్న చిన్న కిటికీ దగ్గర నిలబడి చాచాను పిలిచాను. అద్దం ఎందుకు పడిందని అడిగాను. నేనెక్కడా అనకూడదని మాట తీసుకుని ఆయన చెప్పాడు.

దసరాకి బండి పూజ చేసేటప్పుడు నూనె బుడ్డి తగ్గి ఉంది. చాచా హైదరాబాద్ నుంచి బ్రేకు నూనె డబ్బా తెప్పిస్తానన్నాడు. పెద్దబాపుకి కొన్న నూనె అంటే చులకన. మా చేలో పండిన కుసుమలు, మా గానుగలో ఆడిన నూనె. కూరల్లోకి అదే, దీపంలోకి అదే, నొప్పులకు మర్దనా అదే. మన నూనె ఇంట్లో ఉండగా ఎవరో అమ్మే డబ్బా నూనె ఎందుకని, పూజ పళ్ళెంలో కుసుమ నూనె తెప్పించి, స్వయంగా తన చేత్తో బుడ్డి నిండా పోశాడు. చాచా వద్దనబోతే, నాకు నూనె సంగతి నువ్వు చెప్తావా అన్నాడు. ఆర్నెల్లలో ఆ నూనె గొట్టాల్లో బంకగా మారింది. సిలిండర్‌లోని రబ్బరు వాషర్ ఉబ్బిపోయి ఒక పక్క చినిగింది. నూనె నిలవదు, అద్దం నిలవదు.

బాగుచెయ్యొచ్చా అని అడిగాను. యుద్ధం రోజుల్లో బ్రేకు నూనె దొరక్కపోతే ఆముదంలో స్పిరిట్ కలిపి పోసేవాళ్ళట. రబ్బరు వాషర్ లేకపోతే తోలు వాషర్ కట్టేవాళ్ళట. ఇవన్నీ ఆయనకు తెలుసు. కానీ తలుపు లోపలి అట్ట విప్పితే ఇనుప రేకులో ఒక రంధ్రం ఉంటుంది, అందులోంచే చెయ్యి పెట్టాలి. చాచా చేతులు పెద్దవి. పైగా ఒకప్పుడు బండి స్టార్టు చేసే హ్యాండిల్ వెనక్కి తన్ని కుడిచేతి రెండు వేళ్ళు విరిగి, మడత పడకుండా అట్లాగే బిగుసుకుపోయాయి. "నీ చెయ్యి పడుతది బిడ్డా," అన్నాడు. వెంటనే తప్పు మాట అన్నట్టు చెంపలు వేసుకున్నాడు.

పడుతుంది కదా మరి. ఆడవాళ్ళు కూర్చునే చోట పరాయివాళ్ళు చెయ్యి పెట్టొద్దని పెద్దబాపే అన్నాడు. అంటే పెట్టాల్సింది ఆడవాళ్ళే. ఈ ముక్క మేనత్తకు చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. డ్రైవర్ ఎదురుగా కూర్చుని పనిచేస్తావా, సిగ్గు లేదా అంది. ఎదురుగా ఎందుకు కూర్చుంటాను? నేను బండి లోపల, తలుపు వేసి ఉంటుంది. ఆయన బండి బయట, తలుపుకి అవతల. ఇంత మందం ఇనుప తలుపు కంటే గట్టి పరదా ఏ ఇంట్లో ఉందో చూపించమన్నాను. మఖ్‌మల్ పరదా గాలికి ఎగురుతుంది, ఇది ఎగరదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. వత్తుల పళ్ళెం తీసుకుని షెడ్డు మెట్టు మీద కూర్చుంది. "తలుపు మాత్రం తెరవొద్దు," అంది.

మొదటి మధ్యాహ్నం అట్ట విప్పడంతోనే సరిపోయింది. చాచా తలుపుకి వీపు ఆనించి స్టూలు మీద కూర్చునేవాడు. పానా కావాలంటే భుజం మీదుగా వెనక్కి చాపి, ఖాళీ కిటికీలోంచి లోపల పడేసేవాడు. ఎడమకి తిప్పు, ఇంకా కిందికి పో, గొట్టం తగిలిందా, దాని కింద బొటనవేలంత మరలు రెండు ఉంటాయి అని చెప్పేవాడు. కళ్ళతో చూడకుండా ఆయన, కళ్ళకు ఏమీ కనబడక నేను. రంధ్రంలో చెయ్యి దూర్చాక నాకూ కనబడేది చీకటే. అయినా ఆయన చెప్పిన ప్రతిదీ చెప్పిన చోటే వేలికి తగిలింది. ఎవరైనా నాకు ఒక పని నేర్పేటప్పుడు నువ్వు ఆడపిల్లవి అనకుండా నేర్పడం అదే మొదటిసారి. టీచరమ్మ కూడా మధ్యమధ్యలో ఆ మాట అనేది.

రెండో మధ్యాహ్నం సిలిండర్ ఊడివచ్చింది. లోపల పాకం ముదిరిన బెల్లంలా జిగురు. మా ఇంటి నూనె అది. దాన్ని కిరసనాయిలులో నానబెట్టి, పుల్లకు గుడ్డ చుట్టి తోమాను. రబ్బరు వాషర్ చేతిలోకి తీసుకుంటే తునకలైపోయింది. తోలు కోసం మేనత్త వైపు చూశాను. పాత మోట బావి దగ్గర మూల పడేసిన, ఒకప్పుడు నీళ్ళు తోడిన మోట తోలు తొండం ఉండేది. ఏళ్ళ తరబడి నీళ్ళూ నూనే తాగి మెత్తబడిన తోలు. దాన్ని తాకడం మా ఇంట్లో ఆడవాళ్ళకు మైల. ఆవిడ మాట్లాడకుండా లేచి వెళ్ళి, కత్తిపీట మీద జానెడు ముక్క తనే కోసుకొచ్చి, కిటికీలోంచి నా ఒళ్ళో పడేసింది. ఆరోజు కూడా తలస్నానం చేసింది. కానీ తెచ్చింది కదా.

తోలుని గుండ్రంగా కత్తిరించి, నానబెట్టి, సిలిండర్ మూతిలోకి కొయ్య మేకుతో దిగ్గొట్టి వదిలేశాను. మర్నాటికి అది ఆరి చిన్న గిన్నెలా తయారైంది. సైకిలు పంపు లోపల ఉండేది అట్లాంటిదే అన్నాడు చాచా. ఆముదంలో నానేసి బిగించాను. స్టవ్వు వెలిగించే స్పిరిట్ కలిపిన ఆముదాన్ని చాచా ముందువైపు బుడ్డిలో పోశాడు. బటన్ నొక్కాను. పంపు గురగురమంది. అద్దం కదల్లేదు. ఇంకోసారి నొక్కాను. కాళ్ళ మీద ఆముదం కారింది గానీ అద్దం కదల్లేదు.

ఆ సాయంత్రం మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను, బండిని, నూనెని, పెద్దబాపుని, నాకు రంధ్రంలో పట్టే చేతులిచ్చిన దేవుణ్ణి. చాచా అన్నీ విని, గిన్నె మూతి ఎటువైపు పెట్టావని అడిగాడు. అద్దం వైపు పెట్టాను. నూనె వైపు ఉండాలి. నూనె వచ్చి గిన్నెలో నిండితే తోలు అంచులు విచ్చుకుని గోడకు అంటుకుంటాయి. అటు తిప్పితే నూనె పక్కల నుంచి జారిపోతుంది. ఇంత చిన్న సంగతి. నాలుగో మధ్యాహ్నం అంతా విప్పి, తిప్పి, మళ్ళీ బిగించాను. బటన్ నొక్కాను. అద్దం వణుకుతూ లేచింది. లేచి పై అంచుకి టక్కుమని తగిలింది. వేలు తీసేశాను. అద్దం అక్కడే ఉంది. ఆ టక్కుమన్న చప్పుడంత ముద్దుగా నా జీవితంలో ఇంకేదీ వినబడలేదు, పుట్టిన నా పిల్లల ఏడుపుతో సహా. వాళ్ళు కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనీ.

పరీక్షకు ముందురోజు సాయంత్రం పెద్దబాపు అద్దాన్ని పరీక్షించాడు. నన్నూ మేనత్తనూ వెనక సీట్లో కూర్చోబెట్టించి, అద్దం ఎక్కించమని, పరదా వేయమని చెప్పి, బయట కుర్చీ వేయించుకుని గడియారం చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. అద్దం పై అంచు దగ్గర సుద్దముక్కతో గీత కూడా గీశాడు. గంట అయింది. గీత గీతలాగే ఉంది. ఎవరు బాగుచేశారని అడిగాడు. "నేనే సర్కార్," అన్నాడు చాచా. నా పేరు బయటికి రాకుండా కాపాడాడు పాపం. నేను అక్కడితో ఊరుకునేదాన్నేమో. కానీ పెద్దబాపు కుర్చీలోంచి లేస్తూ, మన నూనె పడితే ఇనుమైనా మాట వింటుందని, అందుకే తను దసరాకే పోశానని, నవ్వుతూ అన్నాడు.

తలుపు తెరిచాను. పరదా తొలగించుకుని దిగాను. చాచా చటుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. వెనక నుంచి మేనత్త నా కొంగు పట్టుకుంది, లాక్కున్నాను. నా రెండు చేతులూ, నల్లబడ్డ గోళ్ళూ, గీరుకుపోయిన మోచెయ్యీ ఆయన ముందుకు చాపాను.

"మన నూనెతోనే పడ్డది పెద్దబాపూ. ఆముదం పోసి నేను లేపిన. పొద్దుగాల పరీక్షకు పోత," అన్నాను.

చాచాకిచ్చిన మాట తప్పాను. అది నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది. పెద్దబాపు నా చేతులవైపు చూశాడు గానీ ముఖంవైపు చూడలేదు. మాట్లాడింది నాతో కాదు, గోడవైపు తిరిగి ఉన్న చాచాతో. "తొవ్వల ఎక్కడన్న అద్దం పడ్డదంటే అక్కడి నుంచే వాపస్ తిప్పు. సంగారెడ్డి ముంగటున్నా సరే. అల్లా మీద ఒట్టేసి చెప్పు," అన్నాడు. చాచా ఒట్టు వేశాడు.

పొద్దున ఏడింటికే బయల్దేరాం. ఏప్రిల్ ఎండ అప్పటికే రోడ్డు మీద పరుచుకుంది. మూసిన అద్దాలు, దిగిన పరదాలు, ఊపిరాడని మఖ్‌మల్ వాసన. మేనత్త తన వైపు పరదాకి పైన కనబడే అద్దం అంచునే చూస్తూ కూర్చుంది. నేను చరిత్ర పుస్తకం తెరిచాను గానీ ఒక్క అక్షరం కనబడలేదు. నా కళ్ళూ అద్దం మీదే ఉన్నాయి. సుద్దగీత ఇంకా చెరగలేదు. సదాశివపేట ఇంకా రెండు మైళ్ళుందనగా గీత ఒక వేలు కిందికి వచ్చింది. ఎండకి ఆముదం పలచబడింది, తోలుకి ఇంకా పట్టు చిక్కలేదు. ఈ కారణాలన్నీ నాకు తర్వాత తట్టాయి. అప్పుడు తట్టింది ఒక్కటే, అయిపోయింది అని.

రెండు వేళ్ళు. మూడు. సందులోంచి గాలి దూరి పరదా అల్లాడింది. ఆ చప్పుడు విన్నాడు చాచా. వెనక్కి చూడలేదు. వేగం తగ్గించి, బండిని రోడ్డు పక్కకి తీసి ఆపాడు. ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ, తన నోటితో ఒట్టు వేశానని, ఏం చెయ్యమంటారని మేనత్తను అడిగాడు. ఆవిడ ఏళ్ళ తరబడి కాపలా కాసిన కట్టుబాటు ఒక వైపు, నాలుగేళ్ళు వత్తులు చేస్తూ విన్న బీజగణితం ఒక వైపు. రెండింటి మధ్యా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పరీక్ష మొదలవడానికి గంట కూడా లేదు.

నేను ఆవిడ మీదుగా వంగి, బటన్‌ని దించే వైపు నొక్కి పట్టుకున్నాను. పంపు మూలగలేదు, స్ప్రింగులు లాగేశాయి. అద్దం మొత్తం తలుపులోకి వెళ్ళిపోయింది. తర్వాత నా వైపు అద్దాన్నీ దించాను. పరదాలు రెండూ పక్కకి లాగి ముడేశాను.

"చాచా, అద్దం పడలే. నేనే దించిన. పడితే వాపస్ రమ్మన్నడు, దించితే రమ్మనలే. నీ ఒట్టు నీ దగ్గర్నే ఉన్నది. నువ్వు నడుపు," అన్నాను.

చాచా భుజాలు కదిలాయి. నవ్వాడో దగ్గాడో నాకు తెలియదు, వీపు చూసి చెప్పలేను. బండి మాత్రం రోడ్డెక్కింది.

సదాశివపేట బజారు మధ్యలోంచి పోయాం. ఉల్లిగడ్డల కుప్పలు, గాజుల దుకాణం, టీ తాగుతూ నిలబడ్డ మనుషులు, అందరూ బటన్ బండి వైపు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుని నేనూ వాళ్ళను చూశాను. జుట్టు రేగిపోయింది, కళ్ళల్లో దుమ్ము పడింది. భయంగానే ఉంది, అయినా అంత ఆనందం నాకు అంతకుముందు తెలియదు. మేనత్త మొదట ముఖం మోకాళ్ళ దాకా దించుకుంది. ఊరు దాటాక మెల్లగా తలెత్తి, బయట ఎండిన చేలను చూస్తూ కూర్చుంది. ఒక చోట, అవి కుసుమలు కదా, కోసేశారు అంది, తనలో తను అనుకున్నట్టు. ఇరవై ఏళ్ళుగా ఆ దారిన పోతూ వస్తూ ఉన్న మనిషి, ఆ చేలను చూడడం అదే మొదలు.

పది నిమిషాల ముందే సెంటరు చేరాం. చరిత్ర పేపరు బాగానే రాశాను. ఎంత బాగా రాశానో ఇప్పుడు గుర్తు లేదు, కాగితం మీద అక్కడక్కడా ఆముదం మరకలు పడ్డాయని మాత్రం గుర్తుంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పెద్దబాపు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. రెండు వైపులా అద్దాలు దిగి, పరదాలు ముడివేసి, ఇద్దరు ఆడవాళ్ళు ముఖాలు తెరుచుకుని కూర్చున్న తన బండిని చూశాడు. అద్దం ఎక్కడ పడింది, ఒట్టు ఏమైందని చాచాను అడిగాడు. చాచా స్టీరింగ్ వైపు తల దించుకున్నాడు. ఆయన ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు మేనత్త కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"పడలేదన్నా. పిల్ల దించింది. నేను వద్దనలే," అంది.

ఆవిడ తన అన్నతో అట్లా సూటిగా ముఖంలోకి చూసి మాట్లాడడం నా ఎరుకలో అదే మొదటిసారి. ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ముగ్గురిలో ఎవర్ని తిట్టాలో ఆయనకు తోచలేదు. గేటు వదిలి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు లెక్కల పరీక్ష. అద్దాలు మా గేటు దగ్గరే దించాను.